పాటగాడు ఒకటి రాశాడు, డోలు కొట్టేవాడు ఒకటి రాశాడు

రాక్ సంగీతం గురించి నాకు చాలా తెలుసు. పాట ఒక్కటీ వినలేదు, అంతే తక్కువ. ఎవరి గిటారు ఎవరు విరగ్గొట్టారు, ఏ హోటల్లో కుర్చీలు కిటికీలోంచి బయటపడ్డాయి, ఎవరి పెళ్ళాం ఎవరితో మాట్లాడదు, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పాట ఎలా ఉంటుందని మాత్రం అడగొద్దు. మా ఇంటి రేడియోకు వార్తలు, రైతుల కార్యక్రమం, మబ్బు పట్టిన రోజుల్లో ఎక్కడి నుంచో కొట్టుకొచ్చే మరాఠీ భజనలు తప్ప ఇంకేమీ తెలియవు.

ఈ విద్య నాకు పొట్లాల్లోంచి వచ్చింది. నిజామాబాదులో మా బాపుకు కిరాణా దుకాణం. చక్కెరైనా చింతపండైనా కాగితంలో కట్టి ఇవ్వాల్సిందే కాబట్టి బాపు పాత పుస్తకాలు తూకానికి కొనేవాడు. వాటిని చింపి మైదా జిగురుతో సంచులు అంటించడం నా పని. ఇంట్లో కూర్చుని డిగ్రీకి చదువుకునే పిల్లను, చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునే పిల్లను, ఇంకే పనికి పెడతారు? ఒకసారి బోధన్ వైపు ఏదో క్లబ్బు ఖాళీ చేస్తే రెండు గోనెసంచుల ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. అందులో దొరికాయి ఈ రెండూ. ఒకే బ్యాండులో పనిచేసిన ఇద్దరు ఇంగ్లాండు వాళ్ళు, ఒకడు పాటగాడు, ఇంకొకడు డోలు కొట్టేవాడు, విడిపోయాక ఎవరి జీవితం వాళ్ళు రాసుకున్న పుస్తకాలు.

బాపు పెట్టిన షరతు ఒకటే. "సదువుకో బిడ్డ. కని గిరాకి వచ్చి నిలబడితె నేను సూడ. ఏది చేతికొస్తె అది చింపుత."

అన్నట్టే చేశాడు. పాటగాడి బాల్యం సగం శొంఠితో పోయింది. మొదటి పెళ్ళి పావుకిలో మినప్పప్పుతో ఎవరింటికో వెళ్ళిపోయింది. అతనికి పెళ్ళయిందనే నాకు తెలియదు, పేజీ తిప్పేసరికి ఆమె విడాకులు అడుగుతోంది.

మా ఎదురింటి చాచా పెండ్లి బ్యాండు ఉస్తాదు. క్లారినెట్ ఆయనదే, బ్యాండూ ఆయనదే. ఎర్రకోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. పెండ్లి లేని రోజుల్లో మాత్రం లుంగీ, చేతిలో చాయ కప్పు. రోజూ పొద్దున మా దుకాణం అరుగు మీద కూర్చునేవాడు. గుమ్మం లోపల నేను సంచులు అంటించేదాన్ని. నేను ఇంటి బయటి మనుషులతో తల ఊపులతోనే సరిపెట్టుకునేదాన్ని. చాచాతో ఒక్కడితోనే మాట్లాడేదాన్ని. ఇద్దరి వంతూ ఆయనే మాట్లాడతాడు కాబట్టి కష్టం తెలిసేది కాదు.

ఒకరోజు పాటగాడి పుస్తకం అట్ట మీది బొమ్మ చూశాడు.

"ఎవరు బేటీ ఈమె? నెత్తి దువ్వుకోలేదేంది?"

"ఆమె కాదు చాచా, ఆయన. పాటలు పాడతడు. తన కథ తనే రాసుకున్నడు."

"ఆయననా! తోబా తోబా. వాళ్ళమ్మ ఊకుంటదా?" అని బొమ్మను మళ్ళీ చూసి, "సదువు జర" అన్నాడు.

అలా మొదలైంది. నేను ఇంగ్లీషు చూసుకుంటూ తెలుగులో చెప్పేదాన్ని. తెలియని మాట వస్తే దాటేసేదాన్ని. అలా దాటేసినచోటే ఏదో ఉందని చాచాకు తెలిసిపోయేది. "ఆగినవేంది? తాగిండా?" అని అడిగేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు తాగే ఉండేవాడు.

ఆయన ఆ కథను మనలా వినలేదు, తోటి పనివాడిలా విన్నాడు.

"ఎంతమంది బ్యాండు?"

"నలుగురు."

"నలుగురేనా? నలుగురితోని బరాత్ ఎట్ల నడుస్తది?"

"వాళ్ళు నడవరు చాచా. ఒక్కకాడ నిలబడి వాయిస్తరు."

"నిలబడి వాయించుడు ఏం గొప్ప? ముంగట గుర్రం తంతుంటె, ఎనుక లైటు మోసేటోడు కాలు తొక్కుతుంటె, బురదల నడుసుకుంట వాయియ్యమను. గప్పుడు రాయమను బుక్కు."

హోటల్లో కుర్చీలు విరగ్గొట్టిన అధ్యాయం ఆయనకు చాలా నచ్చింది. "ఇరగ్గొట్టినంక వీళ్ళను మల్ల ఎవలన్న పిలిసిండ్రా?" అని అడిగాడు. ఇంకా ఎక్కువ పిలిచారని చెప్పాను. చాయ కప్పు అరుగు మీద పెట్టాడు. "బాన్సువాడ పెండ్లిల మావోడు ఒక్క గాజుగ్లాసు పలగ్గొట్టిండు. మూడేండ్లయింది, ఇంకా అంటుండ్రు" అన్నాడు.

బ్యాండు విడిపోయిన చోటికి వచ్చాక చాచా నవ్వడం మానేశాడు. పాటగాడు రాసింది ఇది: పెద్ద కచేరీ రోజు, డోలు కొట్టేవాడు రాలేదు, నేను కబురు పెట్టించాను, వాడికి పొగరెక్కి రాలేదు. డోలు కొట్టేవాడు రాసింది ఇది: నాకు కబురే రాలేదు, నేను లేకుండా మొదలుపెట్టి నా పరువు తీశాడు. పాటగాడి పుస్తకంలో ఆ సంగతి ఆరు పేజీలు. డోలు కొట్టేవాడి పుస్తకంలో ఎంత ఉండేదో తెలియదు, రెండు పేజీల తరవాత మిగతాది జీలకర్రతో వెళ్ళిపోయింది.

"ఒక్కటే ముచ్చట, రెండు తీర్ల" అన్నాడు చాచా. "మాది గట్లనే."

ఆయన బ్యాండులో పెద్ద డోలు కొట్టిన మనిషి పదేళ్ళ కింద అలిగి బోధన్ పోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తరవాత నలుగురో అయిదుగురో డోళ్ళవాళ్ళు మారారు. ఎవరూ చాచాకు నచ్చలేదు. ఈ చెరుకు గానుగ సీజను ముగిశాక చాచా చిన్న బిడ్డ నికా ఉంది. పెండ్లికూతురిని సాగనంపే పాట తన బిడ్డకు తనే వాయించాలని ఆయన కోరిక. ఆ పాట చాలా నిదానం. ముందు డోలు ఒక్కొక్క దెబ్బ వేస్తుంటే, ఆ దెబ్బల మధ్య క్లారినెట్ నడుస్తుంది.

"నా ఊపిరి ఇదివరకటి లెక్క లేదు బేటీ. నా దమ్ము ఎక్కడ తెగుతదో వానికి తెలుసు. గక్కడ ఇంకో దెబ్బ ఎక్కువ ఏసి నన్ను దాసిపెడతడు. వేరేటోళ్ళకు తెల్వదు. అందరి బిడ్డలను సాగదోలినోడు సొంత బిడ్డకాడ నడుమల ఆగిపోతె ఎట్లుంటది చెప్పు?"

పిలవొచ్చు కదా అన్నాను.

"నేనెట్ల పిలుస్త? పిలిస్తె రాలే వాడు. తప్పు వానిది. ఒప్పుకుంటె రానీ." గొంతు తగ్గించాడు. "నాది గూడ ఒక బుక్కు రాయి. మీ అక్క బోధన్ల ఉంటది కద, పోయినప్పుడు వానికి సదివి వినిపియ్యి. అప్పుడన్న సిగ్గొస్తది."

నేను రోజూ డైరీ రాసుకుంటానని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. మా అవ్వే అయి ఉంటుంది. మర్నాడు ఒక కొత్త నోటుబుక్కు తెచ్చి నా జిగురు గిన్నె పక్కన పెట్టాడు.

చాచాకు పుస్తకం ఎలా ఉండాలో గట్టి అభిప్రాయాలున్నాయి. అవన్నీ ఆ పాటగాడి దగ్గర నేర్చుకున్నవే. పాటగాడు పుట్టిన రోజు వాళ్ళ ఊరి మీద బాంబులు పడ్డాయి. చాచాకు తను పుట్టినప్పుడు కూడా ఏదైనా పడాలి. చాలా ఆలోచించి, "మా పెద్దమ్మ నిచ్చెన మీదికెల్లి పడ్డది. రాయి" అన్నాడు. తరవాత పాపాల అధ్యాయం కావాలన్నాడు. "అందరు చేసిన పాపాలు రాసుకుంటరు, నాయి గూడ ఉండాలె." ఉంటేగా? మూడు రోజులు వెతికి ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరి పెండ్లిలోనో పొయ్యి మీది బిర్యానీ దేగ్చాకు ఆనుకుని క్లారినెట్ పెట్టి మరిచిపోతే దాని మూతి కాలిందట. అప్పుడు తప్పు వంటవాడి మీదికి తోశాడట. "ఇంతేనా చాచా?" అన్నాను. "ఒకసారి కల్లు గూడ తాగిన. కడుపునొస్తె హకీం చెప్పిండు" అన్నాడు సిగ్గుపడుతూ. పాటగాడికి నలభై పేజీలు పట్టిన పాపాలు మా చాచాకు ఏడు లైన్లలో అయిపోయాయి.

అప్పుడు అసలు అధ్యాయం మొదలుపెట్టాడు.

గొడవ జరిగింది మా అక్క పెండ్లిలోనే. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఎందుకు జరిగిందో ఎవరూ పట్టించుకోలేదు. పెండ్లన్నాక ఏదో ఒక లొల్లి ఉంటుంది. మాకు బ్యాండు లొల్లి వచ్చింది, అల్లుడి కాళ్ళు కడిగే పళ్ళెం లొల్లి కన్నా ఇది నయమే అనుకున్నారు.

"రాయి" అన్నాడు చాచా. "అప్పగింతలు అయినయ్. బోధనోళ్ళ బస్సు వాకిట్ల నిలబడ్డది. డ్రైవరు ఒర్రుతుండు. మావాళ్ళంత ఎనుక ఆఖరి బంతిల తింటుండ్రు. పిల్లను బస్సెక్కిస్తుండ్రు, డోలు లేదు. నేను గేటుకాడ నుంచి కదులొద్దు. ఒక చిన్న పిల్లను పిలిచి, పో బేటీ, డోలు కాకను రమ్మను, సాగనంపుతుండ్రని చెప్పు అన్న. పిల్ల పోయి వచ్చింది. పిలిచినవా అంటె ఊ అని తల ఊపింది. వాడు రాలే. నేనొక్కన్ని షురూ చేసిన. మగపెండ్లోళ్ళ ముసలాయన ఒకడు, సావుకు వాయిస్తున్నవా, పెండ్లికా అన్నడు. గప్పుడు వచ్చిండు వీడు, ఎంగిలి చేతితోని ఉరుక్కుంట. తిండిపోతా అన్న. అందరి ముంగట అన్న. వాడు డోలు కింద పెట్టి మగపెండ్లోళ్ళ బస్సెక్కి పోయిండు. రాసినవా? రాస్తలేవేంది?"

నేను రాయడం లేదు. పెన్సిల్ కాగితం మీదే ఉంది.

"ఎవరి పిల్ల చాచా?" అన్నాను.

"ఏమో బేటీ, పెండ్లింట్ల పిల్లలు ఈగల లెక్క ఉంటరు. యాదికి లేదు."

నాకు యాది ఉంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, కొత్త పట్టు పరికిణీ. చాచా చెప్పగానే ఇంటి వెనక్కి వెళ్ళాను. అక్కడ రెండు వరుసల మగవాళ్ళు, ఎర్రకోటు గుండీలు విప్పుకుని, ఇస్తరాకుల ముందు వంగి తింటున్నారు. ఒక్కరినీ ఎరగను. డోలు కాక మూడో మనిషి. తలెత్తి, "ఏంది బిడ్డ? ఏం కావాలె?" అని మంచిగానే అడిగాడు. నా నోట్లోంచి మాట రాలేదు. అందరూ నా వైపు తిరిగారు. నేను పరుగెత్తాను. చాచా అడిగితే తల ఊపాను. అప్పుడు నా దగ్గర తల ఊపు ఒక్కటే ఉండేది.

చాచా చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆ రోజు మూడు సంచులు తలకిందులుగా అంటించాను. చెబితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. పదేళ్ళ కింద ఆ స్నేహం నా వల్లే పోయిందని చాచాకు తెలుస్తుంది. నాతో మాట్లాడే బయటి మనిషి ఆయన ఒక్కడే, రేపటి నుంచి చాయ ఇంకో అరుగు మీద తాగుతాడు. చెప్పకపోతే చిన్న బిడ్డ రుఖ్సతికి, అంటే సాగనంపే వేళకు, పాట మధ్యలో ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్యా కూర్చుని వారం రోజులు డైరీలో వాతావరణం గురించి మాత్రమే రాసుకున్నాను.

తరవాత అక్క దగ్గరికి బోధన్ వెళ్ళాను. చెరుకు సీజను. రుద్రూర్ వైపు నుంచి, మోస్రా వైపు నుంచి వచ్చిన ఎడ్లబండ్లు ఫ్యాక్టరీ దాకా బారు కట్టి ఉన్నాయి. ఊరంతా కాగిన బెల్లం వాసన. డోలు కాక ఆ బండ్ల అడ్డాలోనే పనిచేస్తున్నాడు, ఏ బండి ముందు, ఏ బండి వెనక అని వరుస పెట్టే పని. ఆయన అక్క ఇంటికి వస్తూ పోతూ ఉంటాడని, వచ్చినప్పుడల్లా రెండు చెరుకు గడలు తెస్తాడని నాకు తెలుసు. ఎందుకు తెస్తాడో అక్క అప్పుడు చెప్పింది.

"నేను పెండ్లయి వచ్చిన బస్సులనే వచ్చిండు కద. దారి పొడుగునా ఏడ్చిండు. ఎర్రకోటుతోనే కండ్లు తుడుసుకుండు. నేను ఏడుద్దామనుకుంటె నాకు సందియ్యలే. మా అత్త అయితే ఈయన నాకేమైతడో తెల్వక ఆయనకే నీళ్ళిచ్చి ఊకోబెట్టింది."

సాయంత్రం డోలు కాక వచ్చాడు. పెద్ద మీసం, పెద్ద చేతులు. చెరుకు గడలు గోడకు ఆనించి, "ఈమె చిన్న బిడ్డనా? ఇంత పెద్దగయ్యిందా! మీ అక్క సారెల వచ్చినోన్ని నేను. బిందెలు, మంచం, నేను. బిందెలకు సొట్టలు పడ్డయ్, మంచం ఇరిగింది, నేనే మిగిలిన" అన్నాడు.

నేను నోటుబుక్కు తీసి చదవడం మొదలుపెట్టాను. చదవడమంటే నాకు భయం లేదు, కళ్ళు కాగితం మీద ఉంటాయి కదా. నిచ్చెన మీంచి పడ్డ పెద్దమ్మ దగ్గర నవ్వాడు. దేగ్చా దగ్గర తొడ చరుచుకుని, "అది వంటాయన తప్పు కాదా? పాపం, ఆయనను పనిల నుంచి తీసేసిరి!" అన్నాడు. మా అక్క పెండ్లి దగ్గరికి వచ్చేసరికి కదలకుండా కూర్చున్నాడు.

"అబద్ధం" అన్నాడు నేను ఆపగానే. "నన్నెవలు పిలువలే. పొద్దటి నుంచి ఏం తినలే నేను. తినిపో, నువ్వు వచ్చినంకనే షురూ చేస్త అన్నడు ఉస్తాదే. మాట ఇచ్చి నేను లేకుంట వాయించిండు. డోలుతోని పనే లేదని పదిమందికి సూపెట్టిండు. నేను ఏడ్చింది తిండిపోతు అన్నందుకు కాదు."

"ఎవరూ రాలేదా కాకా?" అన్నాను.

"ఒక పిల్ల వచ్చింది. నిలబడ్డది. ఏం కావాలె అన్న. ఉరికింది. లడ్డూ కోసం వచ్చినట్టుంది, అందరం ఉన్నమని సిగ్గుపడ్డది అనుకున్న. ఇంకో లడ్డూ ఉంటె ఇద్దునని గూడ అనుకున్న." లేచి తలపాగా సర్దుకున్నాడు. "చెప్పు ఉస్తాదుకు. పిలువకుంట షురూ చేసిన అని ఒప్పుకుంటె వస్త. లేకుంటె లేదు."

ఆయన వెళ్ళాక అక్క నా ముఖం చూసింది. అక్కకు నా ముఖం చదవడం చిన్నప్పటి నుంచీ వచ్చు. "నువ్వేనానే ఆ పిల్ల?" అంది. నేను తల ఊపాను. అక్క నవ్వీ నవ్వీ చెంగు నోట్లో కుక్కుకుంది. "అయితే పదేండ్ల నుంచి మేము తింటున్న చెరుకు అంత నీ పుణ్యమే!"

"నువ్వు చెప్పవా అక్కా, ఇద్దరికీ?"

"నేనెందుకు చెప్త? నీ నోరు ఎటు పోయింది?"

తిరుగు బస్సులో కూర్చుని ఆ ఇంగ్లాండు వాళ్ళ గురించి ఆలోచించాను. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఒకడు కబురు పంపాడు, ఒకడికి అందలేదు. మధ్యలో ఎవరో ఉన్నారు. కబురు తీసుకెళ్ళి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, ఊ అని తల ఊపిన మనిషి. ఆ మనిషి పుస్తకం రాయలేదు. అలాంటి వాళ్ళు రాయరు, నాలాగా ఎవరి పుస్తకాలో చదువుతూ కూర్చుంటారు.

మర్నాడు పొద్దున చాచా అరుగు మీదికి రాగానే అడిగాడు. "ఏమన్నడు?"

"రాసుకొచ్చిన చాచా. కని ముందు ఒకటి చెప్పాలె. ఆ డోలాయన పుస్తకంల పోయిన పేజీలు దొరికినయ్."

ఇది పచ్చి అబద్ధం. నేను బతికినన్నాళ్ళలో తల ఊపకుండా, నోటితో ఆడిన మొదటి అబద్ధం.

"జీలకర్ర కొన్నోళ్ళు వాపస్ తెచ్చిచ్చిండ్రా? మంచోళ్ళు" అన్నాడు చాచా.

డోలు కొట్టేవాడి పుస్తకం తెరిచి, చిరిగిన అంచు ఆయనకు కనబడకుండా పట్టుకున్నాను. లేని పేజీలు చదివాను. కచేరీ రోజు పాటగాడు ఒక చిన్న పిల్లను పంపాడు. పిల్ల వెళ్ళింది. అక్కడంతా ఎరగని మగవాళ్ళు. ఏం కావాలి అని అడిగారు. పిల్లకు మాట రాలేదు. తిరిగొచ్చి పిలిచానని తల ఊపింది. ఇంగ్లాండు పిల్లకు పట్టు పరికిణీ ఉండదని మధ్యలో గుర్తొచ్చి గౌను అని మార్చాను.

చాచా కప్పు కింద పెట్టాడు.

"ఎన్నేండ్లు పిల్లకు?"

"తొమ్మిది."

"తొమ్మిదేండ్ల పిల్లను పంపిండా? అంతమంది మగోళ్ళల్లకు? వాడేం ఉస్తాదు? తను కాళ్ళున్నోడు కాదా, నాలుగడుగులు ఎయ్యరాదా?" నిజంగానే కోపం వచ్చింది ఆయనకు. "పిల్ల తప్పేం లేదు. పిల్లను పంపినోన్ని అనాలె. పంపి, మల్ల ఎదుటోన్ని తిండిపోతు అన్నడంటె..."

అక్కడ ఆగిపోయాడు. పాటగాడు ఎవరినీ తిండిపోతు అనలేదు. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఒక్క నోటుబుక్కులో తప్ప.

ఆయన నా వైపు చూడలేదు. వీధిలోకి చూస్తున్నాడు. దుకాణంలో బాపు ఎవరికో పొట్లం కట్టి దారం తెంపిన చప్పుడు వినిపించింది.

"ఆ పిల్ల నేనే చాచా" అన్నాను. తల ఊపలేదు. చెప్పాను.

"ఎర్కైంది" అన్నాడు. తరవాత, "గౌను కాదు, పరికిణీ. ఆకుపచ్చది. ఇప్పుడు యాదికొస్తుంది" అన్నాడు. లేచాడు. చాయ సగం కప్పులోనే ఉంది.

ఇంకో అరుగు మీదికి పోతున్నాడనే అనుకున్నాను. వీధి దాటి, ఇంట్లోకి వెళ్ళి, అయిదు నిమిషాల్లో మంచి అంగీ వేసుకుని బయటికి వచ్చాడు. మా గుమ్మం ముందు ఆగాడు.

"బస్టాండుకు పోతున్న. బోధన్ బస్సు ఎన్ని గంటలకు?"

"పదింటికి. నేను రావాలా చాచా?"

"వద్దు" అన్నాడు. "నిన్ను ఒకపారి పంపినందుకే పదేండ్లు పట్టింది."

బండ్ల అడ్డాలో ఏం జరిగిందో నేను చూడలేదు, ఇద్దరూ చెప్పింది రాసుకున్నాను. చాచా చెప్పినదాని ప్రకారం, ఆయనను చూడగానే డోలు కాక ఏడ్చాడు. డోలు కాక చెప్పినదాని ప్రకారం, ఏడ్చింది చాచా, తను బండ్ల దుమ్ముకు కళ్ళు తుడుచుకున్నాడు, అంతే. ఉన్న బండ్లవాళ్ళంతా దిగి వచ్చి చూశారని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. వెనక బండ్లు ముందుకొచ్చి, ముందు బండ్లు వెనకబడి, వరుస అంతా కలిసిపోయి మధ్యాహ్నం దాకా లొల్లి అయిందట.

ఇక నికా రోజు. ఆర్మూర్ నుంచి బరాత్ వచ్చింది, భోజనాలు మొదలయ్యాయి. చాచా పెండ్లికూతురి తండ్రి, వియ్యంకుల దగ్గర నిలబడాల్సిన మనిషి. నేను ఆడవాళ్ళ గదిలో పెండ్లికూతురి పక్కన కూర్చుని కిటికీ పరదా సందులోంచి చూస్తున్నాను. చాచా మొదటి బంతిలోనే డోలు కాకను కూర్చోబెట్టి, బగారన్నం తనే వడ్డించి, పక్కనే నిలబడ్డాడు. ఒకరిద్దరు వచ్చి పిలిచినా కదలలేదు.

"కడుపునిండిందా?"

"ఇంకింత ఎయ్యి."

"ఇప్పుడు?"

"దాల్చా."

"అరే, వియ్యంకులు సూస్తుండ్రు, జల్ది తిను!"

"పదేండ్ల కింది బాకీ ఉస్తాద్. జల్ది అనొద్దు."

సాగనంపే వేళకు డోలు మొదటి దెబ్బ పడింది. క్లారినెట్ లేచింది. రెండూ కలవలేదు. ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ కలవలేదు. పెండ్లికూతురు ఏడుస్తున్నదల్లా ముసుగులోంచి, "మా అబ్బా కొట్లాట పెట్టుకుంటడు ఇప్పుడు" అని నా చేయి గట్టిగా పట్టుకుంది. మూడోసారికి కుదిరింది. పాట సాగుతూ ఒకచోట సన్నబడింది. తెగిపోతుందనుకున్నాను. డోలు ఇంకో దెబ్బ వేసింది, నిదానంగా, ఆ దెబ్బ పాటలోదే అన్నట్టు. దాని వెనకాల నుంచి క్లారినెట్ మళ్ళీ వచ్చింది. బయట ఎవరికీ ఏమీ తెలియలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ మా అరుగు మీదే ఉన్నారు. డోలు కాక బస్సు వేళ దాకా ఆగాడు.

"బుక్కుల ఇది గూడ రాయి బేటీ" అన్నాడు చాచా. "మొదాల రెండుసార్లు తప్పింది వీడు. ఎడ్లను అదిలించినట్టు కొట్టిండు."

"గట్ల రాయకు బిడ్డ. ఉస్తాదే తొందరపడ్డడు. నేను సరిగ్గనే ఉన్న."

"ఎవలు తొందరపడ్డరు?"

"నువ్వే."

ఇద్దరూ నా వైపు తిరిగారు. "నువ్వు అక్కడే ఉంటివి కద. నువ్వు చెప్పు. ఎవలు తప్పిండ్రు?"

నేను జిగురు చేతులు తుడుచుకుని నోటుబుక్కు తీశాను. ఆ రెండుసార్లూ ఎవరు తప్పారో పరదా వెనక నాకు స్పష్టంగా వినిపించింది.

"ఇద్దరు" అన్నాను.

ఇద్దరికీ కోపం వచ్చింది. నేను నోటుబుక్కు దించలేదు, గొంతూ దించలేదు. మొదటిసారి కాక, రెండోసారి చాచా, అని ఎవరెక్కడ తప్పారో విడమరిచి చెప్పాను. బోధన్ బస్సు తప్పిపోయేదాకా నాతో వాదిస్తూనే ఉన్నారు.